నాలుగో ఎస్

మా మేనత్త దగ్గర ఒక పాత స్క్రాబుల్ పెట్టె ఉండేది. మూలలు నలిగిపోయి, చుట్టూ టేపు అంటించిన పెట్టె. చదువుకునే రోజుల్లో కొనుక్కుందట. స్క్రాబుల్ అంటే ఇంగ్లిష్ అక్షరాల బిళ్ళలను బోర్డు గళ్ళలో పేర్చి మాటలు కట్టే ఆట. మూత తీయగానే ముందు ఒక పాత వాసన వచ్చేది, తర్వాత సంచిలో బిళ్ళల గలగల. ఇప్పటికీ ఎక్కడైనా చెక్కముక్కలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వింటే నాకు మొదట గుర్తొచ్చేది అత్త చేతిలోని ఆ గుడ్డ సంచే.

నాకప్పుడు 10 ఏళ్లు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అంటే విపరీతమైన టెన్షన్. డిక్టేషన్ ఉందంటే ముందు రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు. పలికేది ఒకటి, రాసేది ఇంకొకటి. ఎక్కడ ఏ అక్షరం నోరు మూసుకుని కూర్చుంటుందో తెలిసేది కాదు. అత్త సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చూసింది. చదవమని కూర్చోబెట్టలేదు. పెట్టె తెచ్చి నేల మీద బోర్డు పరిచింది.

"ఏడు బిళ్ళలు తీసుకో కన్నా. చూడకుండా తీయాలి."

మొదటి సాయంత్రం ఆమె నియమాలు చాలా తక్కువ చెప్పింది. అడ్డానికి 15, నిలువుకు 15, మొత్తం 225 గళ్ళు. మొదటి మాట మధ్యలోని నక్షత్రం మీదుగా పోవాలి. ఆ తర్వాత పెట్టే ప్రతి మాటా అప్పటికే ఉన్నవాటిని తాకుతూ ఉండాలి. వాడినన్ని బిళ్ళలు మళ్ళీ సంచిలోంచి తీసుకోవాలి. అంతే. మిగతావి ఆడుతుంటే తెలుస్తాయంది. నాకు ఆ పద్ధతే నచ్చింది. నియమాలన్నీ ముందే అప్పజెప్పి ఉంటే నేను ఆ రోజే లేచిపోయేవాణ్ణి.

బిళ్ళలు నిలబెట్టుకునే నా స్టాండులో సి, ఎ, టి కనిపించాయి. క్యాట్ అని నక్షత్రం మీదుగా పేర్చాను. అక్షరాల బిళ్ళల మీద మూలలో వాటి విలువ ఉంటుంది. సికి 3, ఎకు 1, టికి 1, మొత్తం 5. నక్షత్రం గడి మాట విలువను రెట్టింపు చేస్తుంది కాబట్టి 10. ఇంగ్లిష్ మాట రాసినందుకు ఎవరైనా నాకు 10 మార్కులు వేయడం అదే మొదటిసారి. గర్వంగా అత్త వైపు చూశాను.

ఆమె రెండే రెండు బిళ్ళలు తీసింది. నా మాటలోని ఎ కింద హెచ్ పెట్టింది, టి కింద ఓ పెట్టింది. తర్వాత వేలితో చూపిస్తూ మెల్లగా చదివింది. అడ్డంగా హెచ్-ఓ, ఒక మాట. నిలువుగా ఎ-హెచ్, ఇంకో మాట. దాని పక్కన నిలువుగా టి-ఓ, మూడోది. ఓ కూర్చున్న గడి లేత నీలం, అంటే అక్షరం విలువ రెట్టింపు. అది అడ్డం మాటలోనూ లెక్కకు వస్తుంది, నిలువు మాటలోనూ వస్తుంది. 6, 5, 3. మొత్తం 14.

నేను మూడు బిళ్ళలతో 10 తెచ్చుకుంటే ఆమె రెండు బిళ్ళలతో 14 తెచ్చుకుంది. పైగా అందులో రెండు మాటలకు అక్షరాలు అరువిచ్చింది నేనే! ఆ బోర్డు వైపు ఎంతసేపు చూశానో చెప్పలేను. మాట పొడవుగా ఉంటేనే గొప్ప అనుకునే పిల్లాడికి, పక్కన ఆనుకుని కూర్చున్న రెండు చిన్న అక్షరాలు మూడు మాటలు కావడం ఒక గారడీలా కనిపించింది. నాకు ఈ ఆట మీద మనసు పడింది ఆ క్షణంలోనే.

అప్పటి నుంచి రెండక్షరాల మాటల పిచ్చి పట్టుకుంది. అత్త ఒక నోట్‌బుక్కు ఇచ్చింది. ముందు పేజీల్లో రోజూ ఆడిన ఆటల స్కోర్లు, వెనక నుంచి చిన్న మాటల పట్టిక. మా ఇంట్లో ఆటకు అధికారిక నియమాల్లో లేని ఒక షరతు ఉండేది. మాట పెట్టినవాళ్ళు దాని అర్థం కూడా చెప్పాలి. చెప్పలేకపోతే బిళ్ళలు వెనక్కి తీసుకోవాలి. అందుకని ఎ-ఎ అంటే గరుకుగా గడ్డకట్టిన లావా అనీ, అది హవాయి భాష నుంచి వచ్చిందనీ నేర్చుకున్నాను. ఎ-ఐ అంటే మూడు గోళ్ల స్లాత్ అనే జంతువు. ఎక్స్-ఐ గ్రీకు అక్షరం. కె-ఎ ప్రాచీన ఈజిప్టువాళ్ళు నమ్మిన ఒక రకం ఆత్మ. భూగోళం, చరిత్ర, జంతుశాస్త్రం అన్నీ రెండేసి అక్షరాల్లో ఇమిడి నా దగ్గరకు వచ్చాయి. క్యూ చేతిలో పడి యు దొరకనప్పుడు పడ్డ బాధ మాత్రం చెప్పనలవి కాదు. క్యూ-ఐ అనే మాట ఉత్తర అమెరికా స్క్రాబుల్ మాటల జాబితాలోకి 2006లో గానీ రాలేదు. మా పాత డిక్షనరీలోనూ అది లేదు. క్యూ-ఎ-టి ఒక్కటే మాకు దిక్కు.

ఒక రోజు అడిగాను, "అత్తా, ఇ బిళ్ళలు 12 ఎందుకున్నాయి? క్యూ ఒక్కటే ఎందుకుంది?"

అప్పుడు చెప్పింది ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ గురించి. అమెరికాలో ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయి, ఆ ఖాళీలో ఒక ఆట తయారు చేయాలనుకున్నాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో తెలుసుకోవడానికి వార్తాపత్రికల పేజీలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. మొదట చేసిన ఆటకు బోర్డే లేదు. దాని పేరు లెక్సికో. బోర్డు తర్వాత వచ్చింది. స్క్రాబుల్ అనే పేరు జేమ్స్ బ్రూనో అనే మరో ఆయన ఆటను తన చేతిలోకి తీసుకున్నాక, 1948లో పెట్టింది.

ఇది చెప్పి అత్త ఊరుకోలేదు. ఇంగ్లిష్ పేపరు ఒకటి తెచ్చి, "మనమూ లెక్కపెడదాం" అంది. ఆమె అక్షరాలు ఒక్కొక్కటీ చదువుతుంటే నేను గీతలు గీశాను. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. రెండు కాలమ్‌లు పూర్తయ్యేసరికి చెయ్యి నొప్పెట్టింది. ఇ అందరికంటే ఎంతో పైన ఉంది. క్యూ, జెడ్ దాదాపు ఖాళీ. ఎవరో చెప్పింది నమ్మడం వేరు, గీతలు మన కళ్ళ ముందు పెరుగుతుంటే చూడటం వేరు. బట్స్ అనే మనిషి, నేనెన్నడూ చూడని మనిషి, ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని లెక్కపెట్టినట్టే అనిపించింది.

కానీ ఒక చోట లెక్క కుదరలేదు. మా గీతల్లో ఎస్ కూడా ఎన్, ఆర్‌లకు దగ్గర్లోనే ఉంది. పెట్టెలో చూస్తే ఎన్ ఆరు, ఆర్ ఆరు, ఎస్ మాత్రం నాలుగే. బట్స్ లెక్క తప్పాడా అని అడిగాను.

"తప్పలేదు. కావాలనే తగ్గించాడు. ఇంగ్లిష్‌లో దాదాపు ఏ మాట చివరన ఎస్ తగిలించినా ఇంకో మాట అయిపోతుంది కదా. ఎక్కువ ఇస్తే అందరూ అదే పని చేస్తారు, ఆట చప్పబడుతుంది."

తర్వాత చాలా ఏళ్లకు నాకూ అర్థమైంది, ఆటను తయారు చేయడంలో అసలైన తెలివి ఆ తగ్గించడంలోనే ఉందని. 12 ఇలు పెట్టడానికి ఓపిక చాలు. ఎస్‌ను నాలుగు దగ్గర ఆపడానికి ఆట ఎలా సాగుతుందో ముందే చూడగల మనిషి కావాలి. ఎస్‌ను ఎప్పుడూ పది పాయింట్ల కోసం ఖర్చు పెట్టవద్దని అత్త చెప్పేది. ఎస్ ఉందంటే అది రెండు మాటలను ఒకేసారి ముట్టుకోవాలి. ఎదుటివాళ్ళ మాట చివర కూర్చుని, తన మాట కూడా మొదలుపెట్టాలి. అప్పుడే దాన్ని చేతి నుంచి వదలాలి.

ఆ నాలుగింటిలో ఒకటి పోయింది.

ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. ఒక రోజు ఆట ముగిసి బిళ్ళలు లెక్కపెడితే 100 ఉండాల్సిన చోట 99 వచ్చాయి. ఇల్లంతా వెతికాం. మంచాల కింద, అల్మరా వెనక, పక్క దుప్పట్లు దులిపి, చీపురుతో ప్రతి మూలా ఊడ్చి చూశాం. దొరకలేదు. అత్త పుస్తకం అట్టను బిళ్ళ కొలతకు కత్తిరించి, మీద ఎస్ రాసి, మూలలో చిన్నగా 1 వేసింది. చెక్కబిళ్ళల మధ్య ఆ అట్టముక్క పలచగా, మెత్తగా ఉండేది.

తర్వాత జరిగింది రాయడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కష్టంగానే ఉంది.

ఒక ఆటలో నా స్టాండు మీద ఆర్, ఇ, టి, ఐ, ఎన్, ఎ ఉన్నాయి. రెటీనా. ఆరక్షరాలు. ఒక ఎస్ దొరికితే ఏడూ కలిసి ఒక మాట అవుతుంది. ఏడు బిళ్ళలూ ఒకేసారి పెడితే 50 పాయింట్లు అదనం. దాన్ని బింగో అంటారు. అప్పటికి నేను ఒక్క బింగో కూడా చేయలేదు. ఇంకొక్క బిళ్ళ తీయాలి. సంచిలో చెయ్యి పెట్టాను. వేళ్లకు చెక్క తగిలింది, చెక్క తగిలింది, మళ్ళీ చెక్క. తర్వాత మెత్తగా అట్ట తగిలింది.

నేను అట్ట తీశాను.

నా వంతు రాగానే రిటెయిన్స్ అని పేర్చాను. అత్త మాట్లాడలేదు. లెక్క కట్టి, 50 కలిపి, నోట్‌బుక్కులో రాసింది. ఆ ఆట నేనే గెలిచాను. అదే నా మొదటి గెలుపు. ఆ రాత్రి నాకు డిక్టేషన్ ముందు రాత్రి కంటే ఘోరంగా గడిచింది.

మర్నాడు ఆటకు కూర్చున్నప్పుడు అత్త సంచిని బోర్లించి, అట్టముక్కను తీసి పక్కన పెట్టింది. "ఇక మూడింటితోనే ఆడదాం. అట్ట చేతికి తెలిసిపోతోంది" అంది. నీ చేతికి అనలేదు. చేతికి అంది.

నాకు ఏడుపు ఆగలేదు. చెప్పేశాను. "తెలుసు కన్నా. సంచిలో నీ చెయ్యి చాలాసేపు ఉంది" అంది. నేనే ఆ ఆట కొట్టేయమని అడిగాను. నోట్‌బుక్కు నా చేతికిచ్చి, "నువ్వే కొట్టెయ్" అంది. స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాను. తర్వాత ఆమె సంచి ఎలా పట్టుకోవాలో చూపించింది. కళ్ళ కంటే పైకి ఎత్తాలి, చూపు పక్కకు తిప్పాలి, మొదట తగిలిన బిళ్ళ తీసేయాలి. టోర్నమెంట్లలోనూ సంచిని అలాగే ఎత్తి పట్టుకుంటారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ నేను బిళ్ళ తీసే తీరు చూసి కొత్తవాళ్ళు నవ్వుతుంటారు. అంత ఎత్తుగా పట్టుకుంటాను మరి.

అసలైన బింగో ఇంకా కొన్ని నెలలకు వచ్చింది. దానికి ముందు ఒకసారి ఏడక్షరాల మాట చేతిలో ఉండి కూడా బోర్డు మీద ఎక్కడా చోటు దొరకక, కళ్ళ ముందే దాన్ని ముక్కలు చేసి పారేయాల్సి వచ్చింది. ఈ ఆట ఆడేవాళ్ళందరికీ ఆ బాధ తెలుసు. అప్పుడే అత్త నేర్పింది, మాట వెతకడం కంటే ముందు చోటు వెతకమని. ఆ పాఠం ఒంటబట్టాక వచ్చిన మాట ట్రెయిన్డ్. అందులో ఎస్ లేదు. అత్త పెన్ను కింద పెట్టి చప్పట్లు కొట్టింది.

మధ్యలో ఒక వారం తెలుగు స్క్రాబుల్ చేయాలని కూర్చున్నాం. అట్టలు కత్తిరించాం, గళ్ళు గీశాం. మొదటి మాట అమ్మ అనుకున్నాం. అక్కడే ఆగిపోయాం. మ కింద వత్తు ఎక్కడ పెట్టాలి? వేరే బిళ్ళ చేస్తే అది కింది గడిలోకి దిగుతుంది. మ్మ అని ఒకే బిళ్ళ చేస్తే, అలా ప్రతి హల్లుకూ గుణింతం అంతా, వత్తులన్నీ, ఎన్ని వందల బిళ్ళలు? గళ్ళ నుడికట్టులో ఈ చిక్కు లేదు. ఖాళీ గడిలో మనకు కావలసిన అక్షరాన్ని నిండుగా రాసుకుంటాం, రాష్ట్రంలోని ష్ట్ర అయినా సరే. బిళ్ళలతో ఆడాలంటే అక్షరాలన్నీ ముందే తయారై సంచిలో ఉండాలి. అత్త ఒక ఉపాయం ఆలోచించింది. హల్లు ఏదైతే అది, గుణింతం, వత్తు ఆడేవాళ్ళ ఇష్టం అంది. అలా ఆడి చూస్తే మాటలు మరీ తేలిగ్గా వచ్చేశాయి. ఆ అట్టముక్కలు చాలా కాలం నా దగ్గర ఉన్నాయి. తెలుగులో ఈ ఆట కుదరదని నేనిప్పటికీ ఒప్పుకోను. బట్స్ లాగా ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని లెక్కపెట్టాలి.

తర్వాత చదువులు, ఉద్యోగం. అత్తతో ఆటలు సెలవులకు ఒకటీ రెండూగా తగ్గాయి. 2015లో న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. తొమ్మిది వారాల్లో ఫ్రెంచి డిక్షనరీ మాటలు బట్టీ పట్టి వెళ్ళి గెలిచాడు. ఆ వార్త చదవగానే అత్తకు ఫోన్ చేశాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్ని మాటలు తలలో పెట్టుకుని ఒక్కదానికీ అర్థం తెలియకపోతే ఆయనకు ఎలా ఉంటుందో!" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, కొంచెం దిగులూ ఉంది. ఆయన జ్ఞాపకశక్తికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయినా నాకు మా ఇంటి షరతే ఇష్టం. ఎ-ఐ పెట్టిన ప్రతిసారీ చెట్టు కొమ్మకు వేలాడే ఆ జంతువు నాకు కనిపించాలి.

ఈ మధ్య ఒక కొత్త సెట్టు కొని అత్త దగ్గరకు తీసుకెళ్ళాను. ఇప్పుడామె కళ్ళద్దాలు మందమయ్యాయి, వేళ్లు కాస్త వణుకుతున్నాయి. పెట్టె తెరవగానే బిళ్ళలన్నీ బోర్డు మీద పోసి, పదేసి చొప్పున వరుసలు పేర్చి లెక్కపెట్టింది. "వంద" అంది తృప్తిగా. సంచిలో పోసి, కళ్ళ కంటే పైకి ఎత్తి పట్టుకుంది.

ఆట చాలా నెమ్మదిగా సాగింది. ఆమె ఒక్కో మాటకు పది నిమిషాలు తీసుకుంది. నేను తొందరపెట్టలేదు. చివరికి సంచి ఖాళీ అయింది. నేను 30 పాయింట్లు ముందున్నాను. ఆఖరి మాటగా అడ్డంగా ఫోర్క్ పెట్టాను. అది కుడి అంచుకు ఒక్క గడి ముందు ఆగింది. ఆ మిగిలిన గడి ఎర్రది, మాట విలువను మూడింతలు చేసేది. అంత ప్రమాదకరమైన చోట ఎవరూ అలా వదలరు. కానీ నేను లెక్క చూసుకున్నాను. ఫోర్క్ చివర వై అతుకుతుంది, రెండు వైలూ అప్పటికే బోర్డు మీద ఉన్నాయి. ఎస్ అతుకుతుంది, మూడు ఎస్‌లూ అయిపోయాయి. నా లెక్క ప్రకారం అత్త దగ్గర మిగిలింది యు, ఎన్. ఆమె స్టాండు మీద మూడు బిళ్ళలున్నాయి. మూడోది ఏమిటో అందలేదు. ఎక్కడో ఒక ఇ లెక్క తప్పి ఉంటానని ఊరుకున్నాను.

అత్త బోర్డు వైపు చాలాసేపు చూసింది. వణికే వేళ్లతో మూడు బిళ్ళలూ తీసి, ఆ ఎర్ర గడిలోంచి కిందికి ఒక్కొక్కటే పేర్చింది. ఎస్, యు, ఎన్. అడ్డంగా ఫోర్క్స్, 12 మూళ్లు 36. నిలువుగా సన్, 3 మూళ్లు 9. మొత్తం 45.

నేను ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుని చూశాను. చెక్కే. మళ్ళీ దాని గడిలో పెట్టేశాను.

"ఇందులో నాలుగున్నాయి కన్నా" అంది అత్త, నోట్‌బుక్కులో 45 రాస్తూ.